ఏమరితేనే ఏమార్చగలరు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున మనం ఎందుకు కలుస్తామో మీకు చెప్పనక్కరలేదు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా గారి కేసులో తీర్పు ఇచ్చింది. పింఛను ఎవరి దయాధర్మమూ కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తేల్చింది. ఆ హక్కు గురించి, బకాయిల గురించి, డి.ఏ. గురించి నాకన్నా బాగా మాట్లాడగలవారు ఈ వేదిక మీద ఉన్నారు. కార్యదర్శి గారు నాకు అప్పగించింది వేరే పని. "మీకు తెలుగు మాటల పిచ్చి ఉంది కదా, ఏదైనా ఒక మాట తీసుకుని ఓ అరగంట చెప్పండి. భోజనాలకు ముందు సరదాగా ఉంటుంది" అన్నారు. సరేనన్నాను. అయితే నేను ఎంచుకున్న మాట మొదట్లో సరదాగానే ఉన్నా, చివరికంటా అలా ఉండకపోవచ్చు. ముందే క్షమించమని మనవి.

ఆ మాట "ఏమార్చు".

నేను పండితుణ్ణి కాను. 1973లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, 2009లో సూపరింటెండెంటుగా దిగిన గుమాస్తాను. ముప్ఫై ఆరేళ్ళు నోట్ ఫైళ్ళు రాసినవాణ్ణి. ఒక మాట అటూ ఇటూ అయితే ఫైలు ఎన్ని బల్లలు తిరిగి వెనక్కి వస్తుందో తెలిసినవాణ్ణి. అందుచేత మాటల మీద కాస్త శ్రద్ధ అబ్బింది. అంతకుమించి యోగ్యత లేదు.

ఎదుటివాణ్ణి తెలివితో దెబ్బతీయడానికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి. బోల్తా కొట్టించాడు అంటాం. బురిడీ కొట్టించాడు అంటాం. టోపీ పెట్టాడు, కుచ్చుటోపీ పెట్టాడు అంటాం. చెవిలో పువ్వు పెట్టాడు, కళ్ళుగప్పాడు అంటాం. చదరంగం బల్ల దగ్గర నుంచి ఎత్తు, పైఎత్తు వచ్చాయి. కుస్తీ గోదాలోంచి చిత్తు చేయడం, మట్టి కరిపించడం వచ్చాయి. పుస్తక భాషలో అయితే వంచించు, మోసగించు ఉండనే ఉన్నాయి.

ఇన్ని ఉండగా ఏమార్చు ప్రత్యేకత ఏమిటి? మిగతా మాటలన్నీ దెబ్బకొట్టినవాడి పనితనాన్ని చెబుతాయి. వాడు టోపీ పెట్టాడు, వాడు పువ్వు పెట్టాడు, వాడు బోల్తా కొట్టించాడు. ఏమార్చు మాత్రం దెబ్బతిన్నవాడి లోపల ఏం జరిగిందో చెబుతుంది. అది ఎలాగో మనవి చేస్తాను.

మన చిన్నప్పటి తెలుగు మాస్టార్లు ప్రేరణార్థకం అని ఒకటి చెప్పేవారు, జ్ఞాపకం ఉందా? ఒకడు తనంత తాను చేసే పని ఒకటి, వాడిచేత ఇంకొకడు చేయించే పని ఒకటి. చేరు, చేర్చు. మారు, మార్చు. తీరు, తీర్చు. ఆ వరుసలోదే ఏమరు, ఏమార్చు. ఏమరు అంటే పరాకుగా ఉండు, జాగ్రత్త తప్పు, ఒక్క క్షణం మరచిపోవు అని అర్థం. పాత పుస్తకాల్లో బండి ఱ తో ఏమఱు అని రాసేవారు. ఏమరుపాటు అనే మాట మనకు ఇప్పటికీ వాడుకలో ఉంది. కొన్ని ప్రాంతాల్లో జనం నోట అది యామారడం, యామార్చడం అయింది. ఎదుటివాణ్ణి ఏమరేటట్టు చేయడమే ఏమార్చడం.

ఇక్కడొక చిన్న కిటుకు ఉంది. అప్పు తీరితేనే తీర్చినట్టు. మనిషి ఊరు చేరితేనే చేర్చినట్టు. అలాగే, ఎదుటివాడు ఏమరితేనే ఏమార్చినట్టు. ఎంతటి మొనగాడైనా, ఏమరని మనిషిని ఏమార్చలేడు. పని సగం వాడి చేతిలో ఉంది, సగం మన చేతిలో ఉంది. ఈ సంగతి ఆ మాట కడుపులోనే దాగి ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అప్పటి నెల్లూరు జిల్లా సూళ్ళూరుపేటలో పనిచేశాను. అక్కడ బజారులో సగం తమిళం వినపడుతుంది. మా పక్కింటి అరవ ముసలమ్మ సంతలో పుచ్చు వంకాయలు అంటగడితే "ఏమాందుట్టేన్" అని నెత్తి కొట్టుకునేది. మన ఏమరు, వాళ్ళ ఏమారు అక్కాచెల్లెళ్ళని అప్పుడు తెలిసింది. కన్నడంలోనూ ఏమారు, ఏమారిసు ఉన్నాయి. అయితే తమిళంలో ఇంకో విశేషం ఉంది. ఏమాట్రం అంటే వాళ్ళకు మోసం అనే కాదు, ఆశాభంగం అని కూడా అర్థం. మోసపోయినవాడికి డబ్బుకన్నా ఎక్కువగా పోయేది ఏమిటో ఆ భాషవారు గుర్తించారన్నమాట. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఇక వాడుక చూద్దాం. చెడుగుడు ఆటలో కూతకొచ్చినవాడు కుడివైపు ఒరిగినట్టు ఒరిగి, ఎడమకాలితో తాకి గీత దాటిపోతాడు. "భలే ఏమార్చాడ్రా" అని అవతలి జట్టువాళ్ళు కూడా మెచ్చుకుంటారు. తల్లి చంకలో బిడ్డకు కాకిని చూపించి, వాణ్ణి ఏమార్చి రెండు ముద్దలు నోట్లో పెట్టేస్తుంది. బస్టాండులో ఒకడు "మీ డబ్బులు కిందపడ్డాయండీ" అని వంగేటట్టు చేస్తాడు, రెండోవాడు సంచీ పట్టుకుపోతాడు. అక్కడా ఏమార్చాడనే అంటాం.

క్రియ ఒకటే. ఒకచోట మెప్పు, ఒకచోట ముద్దు, ఒకచోట తిట్టు. తేడా ఎక్కడుంది? నాకు తోచినది ఇది. చెడుగుడులో ఇద్దరికీ అది ఆట అని తెలుసు. తల్లి చేసింది బిడ్డ కడుపు కోసం. బస్టాండులో మాత్రం, ఆట మొదలైందని రెండోవాడికి తెలియనే తెలియదు. తాను బరిలో ఉన్నానని తెలియనివాణ్ణి ఏమార్చడానికి యుక్తి అని పేరు పెట్టకూడదు. దాని పేరు మోసం.

సరే, మనుషుల్ని దేనితో ఏమారుస్తారు? మనకు తెలిసిన కథలే తీసుకుందాం.

పంచతంత్రంలో సింహాన్ని కుందేలు ఏమార్చింది. సింహం తెలివితక్కువది అని మనం చిన్నప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే, కుందేలు వాడుకున్నది సింహం తెలివితక్కువతనాన్ని కాదు, దాని కోపాన్ని. "ఈ అడవికి నేనే రాజునని ఇంకో సింహం అంటోంది" అనగానే ఆ కోపంలో బావిలో ఉన్నది నీడ అని తోచలేదు.

తెనాలి రామకృష్ణుడి గురించి జనం చెప్పుకునే కథ ఇంకొకటి. రాయల ఆస్థానానికి ఒక మహాపండితుడు వాదానికి వచ్చాడట. రామకృష్ణుడు ఒక కట్ట చంకన పెట్టుకుని, "తిలకాష్ఠమహిషబంధనం అనే గ్రంథం మీద వాదిద్దాం" అన్నాడట. నువ్వు కట్టెలు, గేదెను కట్టే పలుపుతాడు, అంతే ఆ గ్రంథం. పండితుడు రాత్రికి రాత్రే ఊరు విడిచిపోయాడు. అతణ్ణి ఏమార్చింది ఏది? "ఆ గ్రంథం నేనెరుగను" అని ఒప్పుకోలేని గర్వం.

భారతంలో ద్రోణుణ్ణి యుద్ధంలో గెలవడం ఎవరివల్లా కాలేదు. అశ్వత్థామ అనే ఏనుగును చంపి, అశ్వత్థామ చచ్చాడని చెప్పారు. ధర్మరాజు చెప్పాడు కదా అని ఆయన నమ్మాడు, అస్త్రం వదిలేశాడు. అక్కడ ఆయన్ను ఏమార్చింది కొడుకు మీద మమకారం. అబద్ధం కలిసిన ఆ మాటకు, అంతవరకు నేలకు తాకకుండా నడిచిన ధర్మరాజు రథం కిందికి దిగిందని కూడా భారతమే చెబుతుంది. గెలిచిన పక్షం ఖాతాలో కూడా ఆ పద్దు రాసిపెట్టారు మనవాళ్ళు.

సింహానికి కోపం, పండితుడికి గర్వం, ద్రోణుడికి మమకారం. ఎవరికి ఏది ఎక్కువగా ఉందో దానితోనే వారిని పట్టారు. కాబట్టి ఏమరినవాడు తెలివితక్కువవాడు అనే లెక్క తప్పు. మన బలహీనత దగ్గర మనం జాగ్రత్తగానే ఉంటాం. ఏ విషయంలో మనకు పట్టు ఎక్కువో, అక్కడే కాపలా ఉండదు.

మా కచేరీలో జరిగిన సంగతి ఒకటి చెప్పి ముందుకు వెళతాను. ఏ ఊరి కచేరీయో అడక్కండి. నేను యు.డి.సి.గా ఉన్నప్పుడు మా సూపరింటెండెంటు గారికి ఒక అలవాటు ఉండేది. సాయంత్రం అయిదింటికి సంతకాల కట్ట వస్తే, ఆయన ఆ కట్టను బోర్లా తిప్పి అడుగు కాగితం నుంచి మొదలుపెట్టేవారు. "ఎందుకండీ" అని ఒకసారి అడిగాను. "పైన నాలుగు కాగితాలు సరిగ్గా ఉంటే అయిదోదానికి చెయ్యి దానంతట అదే కదులుతుందోయ్. నన్ను ఏమార్చదలచుకున్నవాడు తన కాగితాన్ని మధ్యలోనో అడుగునో పెడతాడు. అలిసిపోకముందే నేను దాని దగ్గరికి వెళ్ళాలి" అన్నారు. ఒకనాడు నిజంగానే అలా అడుగున పెట్టిన ఒక బిల్లు ఆయన చేతికి చిక్కింది. ఆయన అరవలేదు, తిట్టలేదు. ఆ కాగితం తీసి పక్కన పెట్టి, "రేపు మాట్లాడదాం" అన్నారు. అంతే. ఆ "రేపు మాట్లాడదాం" అన్న రెండు మాటల్ని నేను తర్వాత ముప్ఫై ఏళ్ళు మా కింది గుమాస్తాలందరికీ కథగా చెప్పాను. అవసరం వచ్చినప్పుడు మాత్రం నేనే మరిచిపోయాను.

ఇక ఇక్కడి నుంచి సరదా కాదు.

2023 నవంబరులో ఒక మధ్యాహ్నం నాకు ఫోను వచ్చింది. "నమస్కారం సార్, పెన్షన్ సెక్షన్ నుంచి మాట్లాడుతున్నాం" అన్నాడు. గొంతు మర్యాదగా ఉంది. నా పేరు చెప్పాడు. నేను రిటైరైన తేదీ చెప్పాడు. పి.పి.ఓ. నంబరు అంకెలు వరసగా చదివాడు. "మీ లైఫ్ సర్టిఫికెట్ సిస్టమ్‌లో సరిగా పడలేదు సార్. సాయంత్రం లోపల సరిచేయకపోతే వచ్చే నెల పింఛను ఆగుతుంది" అన్నాడు.

నా సర్వీసు మొత్తంలో ఒక్క కాగితం పెండింగులో పెట్టిన మనిషిని కాను నేను. పర్సనల్ రిజిస్టర్ ఏ పూటకు ఆ పూట రాసుకున్నవాణ్ణి. నా కాగితంలో లోపం ఉందన్న మాట వినగానే చెవుల్లో గుయ్‌మంది. పింఛను ఆగుతుందన్న భయం కన్నా, నా కాగితం సరిగా లేదన్న అవమానమే నన్ను ఎక్కువ కదిలించింది. వాడు ఫోన్లో ఏదో యాప్ వేసుకోమన్నాడు, వేసుకున్నాను. వచ్చిన అంకెలు చదవమన్నాడు, చదివాను. "థాంక్యూ సార్, అయిపోయింది" అన్నాడు. ఒక పని పూర్తిచేశానన్న తృప్తితో కాఫీ కూడా తాగాను.

నాలుగింటికి సందేశం చూశాను. 49,000 రూపాయలు వెళ్ళిపోయాయి.

అప్పుడు నేను ఏం చేయాలి? వెంటనే బ్యాంకుకు ఫోను చేయాలి. 1930 నంబరుకు ఫోను చేయాలి. పక్కగదిలో ఉన్న మా ఆవిడకు చెప్పాలి. ఏదీ చేయలేదు. ఫోను బోర్లా పెట్టి కూర్చున్నాను. "నన్నెవడూ ఏమార్చలేడు" అని జీవితమంతా చెప్పుకున్న మనిషిని. ఎవరి మొహం చూసి చెప్పను? రాత్రంతా నిద్రలేదు. తెల్లవారి తొమ్మిదింటికి ఇంకో 37,000 పోయాయి. ఆ యాప్ నా ఫోన్లోనే ఉంది మరి. అప్పుడు బ్యాంకుకు పరుగెత్తి, కార్డు పోయిందని అబద్ధం చెప్పి ఖాతా ఆపించాను.

మొదటి 49,000 వాడు నన్ను ఏమార్చి తీసుకున్నాడు. రెండో 37,000 మాత్రం నా సిగ్గు పట్టుకుపోయింది. ఈ లెక్క నేను చాలాసార్లు వేసుకున్నాను.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. ఇలాంటి లావాదేవీల మీద రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఒక సర్క్యులర్ ఇచ్చింది. నా సంగతి జరిగిన నాటికి అది అమల్లో ఉంది. మన అజాగ్రత్తవల్ల, అంటే ఓటీపీ చెప్పడం వంటి వాటివల్ల డబ్బు పోతే, బ్యాంకుకు తెలియజేసేవరకు పోయినది మన నెత్తిన పడుతుంది. తెలియజేసిన తర్వాత పోతే అది బ్యాంకు భరించాలి. అంటే ఆ సాయంత్రం నేను ఒక్క ఫోను చేసి ఉంటే ఆ 37,000 నిలిచేవి. సర్క్యులర్లు చదవడమే వృత్తిగా బతికినవాణ్ణి, నాకు కావలసిన సర్క్యులర్ చదవలేదు.

ఆ డబ్బు మా ఆవిడ కంటి శుక్లం ఆపరేషను కోసం, మంచి లెన్సు వేయిద్దామని పక్కన పెట్టినది. సంక్రాంతి వెళ్ళాక చేయిద్దామన్నాను. సంక్రాంతి వెళ్ళింది. చలి తగ్గాక అన్నాను. చలి తగ్గింది. ఉగాది తర్వాత అన్నాను. "సరేనండీ" అంటూ వచ్చింది ఆవిడ. అలా అయిదు నెలలు గడిపాను.

2024 ఏప్రిల్‌లో మన సంఘం నెలవారీ సమావేశంలో ఒక సోదరి లేచి నిలబడ్డారు. ఆవిడ రిటైర్డు ప్రధానోపాధ్యాయురాలు. ఆవిడ అనుమతితోనే ఇది చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. మొదట ఒకడు కొరియర్ కంపెనీ అని ఫోను చేసి, మీ పేరున వచ్చిన పార్శిల్‌లో మత్తుమందులున్నాయన్నాడట. వాడే రెండోవాడికి కలిపాడు, వాడు పోలీసు దుస్తుల్లో వీడియోలో కనిపించాడు. మూడోవాడు పెద్ద అధికారినన్నాడు. మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, గదిలోంచి కదలొద్దు, ఎవరికీ చెప్పొద్దు అన్నాడు. ఒక రోజంతా ఆవిడ ఆ ఫోను ముందు కూర్చున్నారు. దాచుకున్న సొమ్ములో చాలాభాగం పోయింది. ఇదంతా చెప్పి ఆవిడ, "ముప్ఫై ఏళ్ళు పిల్లలకు భయపడకు, నిజం చెప్పు అని నేర్పాను. అందుకే ఇవాళ మీకు చెబుతున్నాను" అని కూర్చున్నారు.

హాలులో ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. నేను ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పకముందే మా ఆవిడకు మొత్తం చెప్పేశాను.

ఆవిడ విన్నది. కోప్పడలేదు. "డబ్బు పోయిందని నాకు నవంబరులోనే తెలుసండీ" అంది. ఎలాగా అన్నాను. "పింఛను పడిన మర్నాడు పాసుబుక్కు ఎంట్రీ వేయించుకురానిదే మీకు అన్నం సహించదు కదా. నవంబరు నుంచి ఒక్కసారీ బ్యాంకుకు పాసుబుక్కు పట్టుకెళ్ళలేదు. అది తెలియడానికి కళ్ళు బాగుండనక్కరలేదు" అంది. మరి అడగలేదేం అన్నాను. "మీరే చెబుతారని చూశాను" అంది.

చూశారా? ఎవడో నన్ను ఏమార్చాడు. నేను మా ఆవిణ్ణి ఏమార్చబోయాను. ఆవిడ ఏమరలేదు. వ్యాకరణం ఎంత నిజమో ఆ రోజు తెలిసింది.

తమిళంలో ఏమాట్రం అంటే ఆశాభంగం అని ఇందాక చెప్పాను. డబ్బు పోయినందుకు ఆవిడకు ఆశాభంగం కలగలేదు. అయిదు నెలలు నా నోరు పెగలనందుకు కలిగింది. మే నెలలో ఆపరేషను చేయించాం. మంచి లెన్సే వేయించాం. మా అమ్మాయి కొంత సర్దింది. "నాన్నా, ముందే చెబితే సంక్రాంతికే అయిపోయేది కదా" అంది. అది మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పోలీసులకు ఫిర్యాదు అప్పుడు ఇచ్చాను. అయిదు నెలల తర్వాత ఇచ్చిన ఫిర్యాదు. డబ్బు రాలేదు.

ఆ సోదరి కథ విన్న రాత్రి నాకు పంచతంత్రంలోని మేకపిల్ల కథ గుర్తుకొచ్చింది. బ్రాహ్మడు మేకను భుజాన వేసుకుని వెళుతుంటే ముగ్గురు దొంగలు దారిలో దూరదూరంగా నిలబడ్డారు. మొదటివాడు "కుక్కను మోస్తున్నారేమిటి స్వామీ" అన్నాడు. నవ్వుకున్నాడు బ్రాహ్మడు. రెండోవాడు అదే మాట అన్నాడు. ఆగి చూసుకున్నాడు. మూడోవాడూ అన్నాడు. మేకను దింపేసి వెళ్ళిపోయాడు. కొరియర్ వాడు, పోలీసు వాడు, పెద్ద అధికారి. ఎన్ని వందల ఏళ్ళయినా ఆ ముగ్గురూ వాళ్ళే, మారింది దారి ఒక్కటే. ఆ బ్రాహ్మడిలో లోపం ఏమిటి? మూర్ఖత్వం కాదు. ఆ దారిలో ఆ ముగ్గురు తప్ప ఆయన అడగడానికి నాలుగో మనిషి లేడు. ఆ దొంగలు అందుకే నిర్జనమైన దారి ఎంచుకున్నారు. ఈ దొంగలు "ఎవరికీ చెప్పొద్దు" అనడం కూడా అందుకే. మన ఇంట్లోనే, మనవాళ్ళ మధ్యనే, మనల్ని నిర్జనమైన దారిలో నిలబెడతారు.

కాబట్టి మిత్రులారా, ఎత్తుకు పైఎత్తు ఏమిటో మనవి చేసి ముగిస్తాను. మూడే మాటలు.

మొదటిది, మా సూపరింటెండెంటు గారి మాట. పింఛను అని, బ్యాంకు అని, పోలీసు అని ఎవరు ఫోను చేసినా "రేపు మాట్లాడదాం" అని పెట్టేయండి. మర్నాడు ట్రెజరీకో బ్యాంకుకో మీరే వెళ్ళండి. నిజమైన ఆఫీసులో ఏ పనీ సాయంత్రం లోపల అవదని మనకన్నా ఎవరికి బాగా తెలుసు? డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్, అంటే 2014 నవంబరు 10న మొదలైన జీవన్ ప్రమాణ్, మన వేలిముద్రతోనో కంటిపాపతోనో ముఖంతోనో అయ్యే పని. ఫోను చేసినవాడికి ఓటీపీ చదివి చెబితే అయ్యేది కాదు. ఇక డిజిటల్ అరెస్టు అనేది చట్టంలో లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలోనే ఆ సంగతి చెప్పారు.

రెండోది, జరగరానిది జరిగితే, ఆ నిమిషంలోనే 1930కి, బ్యాంకుకు ఫోను చేయండి. దొంగ ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి సొమ్ము దాటకముందే పట్టుకోవాలి. నాలాగా ఫోను బోర్లా పెట్టి కూర్చోకండి.

మూడోది, నాలుగో మనిషి. నిరుడు జనవరి నుంచి మన సంఘంలో నేనొక రిజిస్టర్ నిర్వహిస్తున్నాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? మూడు కాలమ్‌లు. వరుస సంఖ్య, సభ్యుని పేరు, నాలుగో మనిషి పేరు, ఫోను నంబరు. "ఎవరికీ చెప్పొద్దు" అని ఎవడైనా అన్న మరుక్షణం మీరు చెప్పవలసిన మనిషి అన్నమాట. కొడుకు కావచ్చు, కోడలు కావచ్చు, పక్కింటివారు కావచ్చు, మన సంఘంలోనే ఒకరు కావచ్చు. (సభలో ఒకరు: "అవి నాలుగు కాలమ్‌లండీ!") నిజమే, నాలుగే. చూశారా, నేను ఏమరినప్పుడు చెప్పడానికి మీరున్నారు.

కుటుంబ సభ్యులకు ఒక్క విన్నపం. మీ ఇంట్లో పెద్దాయనో పెద్దావిడో ఇలాంటి సంగతి చెబితే, మొదటి మాటగా "అంత తెలివితక్కువగా ఎలా చెప్పేశారు" అనకండి. ఆ ఒక్క మాటకు భయపడే మేము దాచుకుంటాం. ముందు 1930కి ఫోను చేయండి, కేకలు తర్వాత వేయవచ్చు.

ఏమరడం మనిషన్నవాడికి సహజం. సింహం ఏమరింది, ద్రోణాచార్యులంతటివాడు ఏమరాడు, మనమెంత? ఏమరినందుకు సిగ్గుపడనక్కరలేదు. ఏమరి, దాన్ని దాచి, ఇంకొకరిని ఏమార్చబోవడానికి మాత్రం సిగ్గుపడాలి. నేను ఆ పని చేశాను కాబట్టే చెప్పగలుగుతున్నాను.

రిజిస్టర్ భోజనాల హాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. పెన్ను కూడా పెట్టాను. రాయకుండా లోపలికి వెళ్ళినవారికి పప్పు వడ్డించవద్దని వంటవారికి చెప్పాను. మొదటి పేజీ, మొదటి వరుసలో నా పేరు ఉంది. దాని ఎదుట, నాలుగో మనిషి అన్న చోట మా ఆవిడ పేరు రాశాను. ఆవిడ అదిగో, మూడో వరుసలో కూర్చుని ఉంది. ఇప్పుడు ఇక్కడి నుంచి నా మొహం స్పష్టంగా కనిపిస్తోందట.